గోపాల్‌పూర్ నుంచి ఏమీ తేలేదు

బరంపురంలో ఒక ఆదివారం సాయంత్రం తెలుగు కుటుంబాలు కలుసుకున్నప్పుడు, ఇంట్లో పెద్ద ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవడం గురించి ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ మాట్లాడారు. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా అమ్మా? వినబడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరకి జరుగుతాను.

మా ఇంటికి ఎవరొచ్చినా, హాల్లో ఆ ఆరడుగుల ట్యాంకు చూడగానే మొదట అడిగేది ఒక్కటే. "గోపాల్‌పూర్ నీళ్ళేనా?" అని. ఎందుకు అడగరు? ఇక్కణ్ణుంచి గోపాల్‌పూర్ సముద్రం ఎంత దూరం? పదహారు కిలోమీటర్లు. ఒక ఆటో మాట్లాడుకుంటే నాలుగు డ్రమ్ముల నీళ్ళు వచ్చేస్తాయి. నీళ్ళున్నాయి, ఇసక ఉంది, గవ్వలున్నాయి, చేపలున్నాయి. అన్నీ అక్కడే ఉన్నాయి. నేను మాత్రం అక్కణ్ణుంచి ఏమీ తేలేదు. ఎందుకు తేలేదో చెబితే, ట్యాంకు ఎలా కట్టాలో సగం చెప్పినట్టే. అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ముందు నీళ్ళు. సముద్రం ఎక్కడైనా ఒకేలా ఉప్పగా ఉంటుందని అనుకుంటాం. కాదు. నడి సముద్రంలో కిలో నీటికి సుమారు 35 గ్రాముల ఉప్పులుంటాయి. రిఫ్రాక్టోమీటర్ అని చిన్న గొట్టం ఉంటుంది. దాని అద్దం మీద ఒక్క చుక్క వేసి వెలుతురు వైపు పెట్టి చూస్తే, మంచినీళ్ళని 1 అనుకుంటే ఈ నీళ్ళు దానికి ఎన్ని రెట్లు బరువో చెబుతుంది. నడి సముద్రపు నీళ్ళకి 1.025, 1.026 అలా చూపిస్తుంది. నేను ఏడాది పాటు, నెలకోసారి, గోపాల్‌పూర్ వెళ్ళి సీసాలో నీళ్ళు పట్టి చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ల్యాబ్‌లో పనిచేసిన చెయ్యి, ఏదీ కొలవకుండా నమ్మదు. మేలో 1.024 వచ్చింది. అక్టోబరులో ఎంతొచ్చిందో తెలుసా? 1.018. అదే ఒడ్డు, అదే చోటు. మరి ఆ ఉప్పు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. వానాకాలంలో రుషికుల్య, మహానది, ఇంకా ఎన్నో నదులు మంచినీళ్ళు తెచ్చి బంగాళాఖాతంలో పోస్తాయి. ఒడ్డున పైపొర పలచబడిపోతుంది. దానికి తోడు బురద. పగడపు దిబ్బల మధ్య పుట్టిన చేపను తెచ్చి ఆ నీళ్ళలో ఎలా వేస్తాం?

ఉప్పదనం మారితే ఏమవుతుందో మన గంజాం వాళ్ళకి వేరే చెప్పాలా? చిలికా సరస్సు మన కళ్ళ ముందే ఉంది కదా. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం ఇసకతో పూడిపోయింది, ఉప్పదనం తగ్గింది, కలుపు మొక్కలు కమ్మేశాయి, చేపలు పడలేదు. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వి తెరిచారు. సముద్రపు నీరు మళ్ళీ లోపలికి వచ్చింది. చేపలు, రొయ్యలు, పీతలు మళ్ళీ వచ్చాయి. ఇంచుమించు వెయ్యి చదరపు కిలోమీటర్ల సరస్సు! దానికే అంత తేడా చేసింది. ఇంక నా హాల్లో ఉన్న 850 లీటర్లెంత?

ఇంట్లో ఉప్పదనం ఇంకోలా మారుతుంది. ఆవిరై. ఎండాకాలంలో నా ట్యాంకు నుంచి రోజుకి పది పన్నెండు లీటర్లు పోతాయి. పోయేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి తగ్గిన నీటిని దేంతో నింపాలి? మంచినీళ్ళతో. చాలామంది ఉప్పునీళ్ళు కలిపి పోస్తారు, నెల తిరిగేసరికి చేపలు రొప్పుతుంటాయి, ఎందుకో అర్థం కాదు. నీటిమట్టం తగ్గగానే తనంతట తనే మంచినీళ్ళు వదిలే చిన్న పంపు, దానికో సెన్సర్ దొరుకుతాయి. లైటు తరవాత కొనుక్కోండి, ఇది ముందు కొనండి. ఆ మంచినీళ్ళు కూడా బోరు నీళ్ళు కాకూడదు. మా బోరు నీళ్ళ టీడీఎస్, అంటే అందులో కరిగి ఉన్న లవణాల లెక్క, 640. ఆర్వో ఫిల్టర్ నుంచి తీసి, మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెసిన్ కూడా దాటిస్తే సున్నా వస్తుంది. సున్నా అంటే సున్నాయే. అప్పుడు మనం ఏం వేశామో అదే ఉంటుంది ఆ నీటిలో.

రెండోది ఉప్పు. హుమ్మా ఉప్పు మళ్ళు మనకి ఎంత దగ్గర! కిందకి వెళ్తే నౌపడ. "ఆ ఉప్పే కలిపితే సముద్రం అయిపోదా పిన్నీ" అని మా పక్కింటి అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. సముద్రపు నీటిలో ఉన్న మొత్తం ఉప్పుల్లో సోడియం, క్లోరైడ్ కలిపి సుమారు 85 శాతం. మిగతాది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం, కార్బొనేట్లు. ఇప్పుడు ఉప్పు మడిలో ఏం జరుగుతుందో చూడండి. నీళ్ళు ఎండుతుంటే ముందు సున్నం పేరుకుంటుంది. తరవాత జిప్సమ్. ఆ తరవాతే మనం తినే ఉప్పు పలుకులు కడుతుంది. మెగ్నీషియం చివర మిగిలిన చేదు నీళ్ళలో ఉండిపోతుంది, వాటిని బయటికి వదిలేస్తారు. అంటే మంచి ఉప్పు చెయ్యడమంటేనే, సముద్రంలోంచి మిగతావన్నీ తీసెయ్యడం. మనకి కావలసింది ఆ తీసేసినవి కూడా! కాల్షియం లీటరుకి 420 మిల్లీగ్రాములు, మెగ్నీషియం సుమారు 1300, ఇవి లేకపోతే అది ఉప్పు నీళ్ళే గాని సముద్రపు నీళ్ళు కాదు. అందుకే అక్వేరియం కోసం తయారు చేసిన సాల్ట్ మిక్స్ కొన్నాను. మొదటిసారి నింపడానికి 33 కిలోలు పట్టింది. హుమ్మా ఉప్పు వృథా కాలేదు, దానికి వేరే పని పడింది. అది రాళ్ళ దగ్గర చెప్తాను.

మూడోది ఇసక. ఛత్రపూర్ దగ్గర ఐఆర్‌ఈఎల్ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీ వాళ్ళు బీచ్ ఇసకలోంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్ లాంటి ఖనిజాలు తీస్తారు, మీకు తెలుసు. మన ఇసకలో అక్కడక్కడ నల్లగా మెరిసే గింజలు ఎక్కువగా ఆ ఇల్మెనైటే. గుప్పెడు ఇసకలో గట్టి అయస్కాంతం పెట్టి చూడండి, నల్ల గింజలు పట్టుకుంటాయి. అక్వేరియం అద్దానికి లోపల పట్టే నాచు గీకడానికి మనం వాడేది ఏమిటి? అయస్కాంతమే. లోపల ఒకటి, బయట ఒకటి. ఆ రెంటి మధ్య ఒక్క నల్ల గింజ ఇరుక్కుందనుకోండి, పదిహేను మిల్లీమీటర్ల అద్దం మీద అడుగు పొడవు గీత. మొదటి ట్యాంకులో నాకు అదే జరిగింది. ఆ గీత ఇప్పటికీ ఉంది. అందుకని ఆరగొనైట్ ఇసక వాడతాం. తెల్లగా ఉంటుంది, సున్నపు జాతి.

ఇప్పుడు రాళ్ళు. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే నా మనసంతా ఇక్కడే ఉంది.

పగడపు రాయి ముక్కలు, ఆరబెట్టిన సముద్రపు గుర్రాలు, విసనకర్రల్లా ఉండే పగడాలు, ఇలాంటివి అమ్ముతామని వచ్చేవాళ్ళు మీకూ తగులుతారు. నాకూ తగిలారు. తీసుకోకండి. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు, సముద్రపు గుర్రాలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1లో చేరాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చచ్చిన ముక్క అయినా సరే. చట్టం సంగతి పక్కన పెట్టండి. మన గోపాల్‌పూర్‌ది ఇసక తీరం, ఇక్కడ పగడపు దిబ్బలు లేవు. మన దేశంలో ముఖ్యంగా ఉన్నవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్. అంటే మీ చేతికి వచ్చిన ముక్క అక్కడెక్కడో విరగ్గొట్టి తెచ్చినదే. అది మళ్ళీ అంత అవ్వాలంటే ఎన్నేళ్ళు పడుతుంది? ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరిగే పగడాలున్నాయి. నా హాలు అందంగా ఉండడానికి ఒక చోట దిబ్బ బోసిపోవాలా? నాకు మనసు ఒప్పలేదు. నా ట్యాంకులో రాతి పగడం ఒక్కటి కూడా లేదు. చేపలు, రొయ్యలు, నత్తలు, సముద్రపు నాచులు, రాళ్ళు. ఇంతే. చూసినవాళ్ళెవరూ ఏదో తక్కువైందని అనలేదు.

మరి రాళ్ళెక్కడివి? నేనే పోతపోశాను. తెల్ల సిమెంటు, కోళ్ళ మేతలో కలపడానికి అమ్మే గుల్లల పలుకులు, కల్లుప్పు. ఆ కల్లుప్పే హుమ్మాది! తడి ఇసకలో గుంటలు చేసి, అందులో ఈ ముద్ద వేసి, వేళ్ళతో అక్కడక్కడ బెజ్జాలు పొడిచి ఆరబెట్టాలి. గట్టిపడ్డాక నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగిపోతుంది, అది ఉన్నచోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాల్లోనే రేపు బ్యాక్టీరియా కాపురం ఉండేది. కాని తొందరపడకూడదు. సిమెంటు లోంచి సున్నం ఊరుతూనే ఉంటుంది, మొదట్లో పీహెచ్ పన్నెండు దాకా పోతుంది. నీళ్ళు మారుస్తూ, కొలుస్తూ, ఎనిమిదిన్నర లోపుకి దిగేదాకా ఆగాలి. నాకు తొమ్మిది వారాలు పట్టింది. పెరట్లో రెండు పెద్ద టబ్బులు, రోజూ వాటికి నీళ్ళు మార్చడం, మా ఆయన ఓపికకి ఇక్కడ అందరి ముందూ దణ్ణం పెడుతున్నాను.

ఇక పేర్చడం. దీన్నే అక్వాస్కేపింగ్ అంటారు. ట్యాంకులో దించి పేరుద్దాం అనుకోకండి. హాల్లో నేల మీద ముగ్గుపిండితో ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు గీత గీశాను. ఆ గీత లోపల నాలుగంగుళాలు వదిలి ఇంకో గీత. రాయి ఆ లోపలి గీత దాటకూడదు. ఎందుకు? అద్దానికీ రాయికీ మధ్య చెయ్యి దూరాలి, అయస్కాంతం తిరగాలి, నీళ్ళు పారాలి.

మొదటి రోజు ఏం పేర్చానో తెలుసా? బొమ్మల కొలువు. మెట్లు మెట్లుగా, ఈ చివర నుంచి ఆ చివరకి, వెనకద్దానికి ఆనించి. రెండు వైపులా సమానంగా. ఎంతో శ్రద్ధగా పేర్చాను. పేర్చి ఎదురుగా కూర్చున్నాను. గోడలా ఉంది. చేప ఎక్కడ తిరుగుతుంది? గోడ ముందు తిరుగుతుంది, అంతే. వెనక చెత్త చేరితే తీసే దారే లేదు.

అలాగే వదిలేశాను రెండు రోజులు. తరవాత తప్తపాణి వైపు వెళ్తూ బస్సు కిటికీలోంచి కొండలు చూస్తున్నాను. ఎప్పుడూ చూసే కొండలే. ఒక పెద్ద కొండ, పక్కన ఒక చిన్నది, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ లోంచి ఆకాశం కనబడుతుంది చూడండి, దానివల్లే పెద్దది పెద్దగా కనబడుతోంది! ఇంటికొచ్చి మొత్తం తీసేశాను. పొడవులో మూడో వంతు దగ్గర పెద్ద కొండ, రెండో పక్క చిన్నది. మధ్యలో ఇసక లోయ, ముందు వెడల్పుగా మొదలై వెనక్కి పోతూ సన్నబడేట్టు. అలా సన్నబడితే రెండున్నర అడుగుల లోతు ఇంకా ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. పెద్ద కొండ ఎత్తు ట్యాంకు ఎత్తులో మూడింట రెండు వంతులు దాటనివ్వలేదు. పైన నీళ్ళు కనబడాలి కదా. సగం రాళ్ళు మిగిలిపోయాయి. కష్టపడి చేసిన రాయిని పక్కన పెట్టాలంటే బాధగానే ఉంటుంది. పెట్టండి. ట్యాంకులో ఎంత రాయి ఉందో కాదు, చేపకి ఎన్ని దార్లున్నాయో చూడండి. గుహలు కూడా అలాగే. ఒకే నోరున్న గుహలో బలమైన చేప బలహీనమైనదాన్ని మూలకి తోసి చంపుతుంది. రెండో పక్క దారి వదలాలి, తప్పించుకోవడానికి.

గట్టితనం మాటేమిటి? రాళ్ళకి మేసన్ బిట్‌తో కన్నాలు పెట్టి, ఫైబర్ గ్లాస్ కడ్డీలు దింపి, అక్వేరియం ఎపాక్సీతో అతికించాను. ఇనుప కడ్డీ మాత్రం వద్దు, తుప్పు నీళ్ళలోకి దిగుతుంది. అడుగు రాళ్ళు ముందు, ఇసక తరవాత. ఇది మాత్రం మరచిపోకండి బాబూ. ఇసక మీద రాయి పెడితే, ఇసక తవ్వే గోబీ చేపలు, రొయ్యలు కింద నుంచి తోడేస్తాయి, ఒక రాత్రి ఆ కొండ అద్దం మీద కూలుతుంది. అడుగు అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ షీటు, దాని మీద రాళ్ళు, చుట్టూ ఇసక. పెట్టాక చేత్తో పట్టుకుని గట్టిగా ఊపండి. కదిలితే మళ్ళీ చెయ్యండి.

బరువు గురించి మావయ్యగారు ఇందాక అడిగారు. ఆరడుగులు, రెండున్నర, రెండడుగుల ఎత్తు, అంటే 30 ఘనపుటడుగులు, 850 లీటర్లు. నీళ్ళే 870 కిలోలు. అద్దం, రాళ్ళు, ఇసక, స్టాండు, కింద సంప్ అనే రెండో తొట్టి కలుపుకుంటే పదమూడు వందల కిలోలు దాటుతుంది. మేడ మీద అయితే ఇంజినీరుకి చూపించకుండా పెట్టొద్దు. కింది అంతస్తు అయినా స్పిరిట్ లెవెల్ పెట్టి చూసుకోండి. సంప్‌లో నురుగుతో మురికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్, హీటర్, నాచు పెంచే చిన్న అర. ఇవన్నీ షాపువాళ్ళు చెప్తారు, నేను మళ్ళీ చెప్పను.

షాపువాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఆగడం. నీళ్ళు నింపి, లైటు వేసి, మర్నాడే చేపలు వేసేస్తారు. చేప విసర్జించేది అమ్మోనియా, అది విషం. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, అదీ మంచిది కాదు. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది, దాంతో ఫరవాలేదు. ఈ రెండు కాపురాలు రాళ్ళలో స్థిరపడాలి. నేను చేపలు లేకుండా, అమ్మోనియం క్లోరైడ్ కొలిచి వేశాను, లీటరుకి రెండు మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చేట్టు. రోజూ పరీక్ష. అమ్మోనియా పరీక్షలో పసుపు రంగు వస్తే లేనట్టు, ఆకుపచ్చ అయితే ఉన్నట్టు. రోజూ పొద్దున్న ఆ గాజు గొట్టం కిటికీ దగ్గర పట్టుకుంటే, ల్యాబ్‌లో రిపోర్టు కోసం బయట కూర్చునేవాళ్ళ టెన్షన్ ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ముప్ఫై ఎనిమిదో రోజున అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాయి. వేసిన అమ్మోనియా ఇరవై నాలుగు గంటల్లో మాయమైంది. పుస్తకంలో తేదీ వేసి ఎర్ర సిరాతో గీత గీశాను. ఆ తరవాత గోధుమరంగు పొర వస్తుంది, పచ్చ వెంట్రుకల నాచు వస్తుంది. కంగారుపడి మందులు పొయ్యొద్దు. అవి వస్తాయి, పోతాయి.

ఇప్పుడు చెప్పేది చెప్పడం నాకు కష్టం. కాని చెప్పాలి.

ఇది నా రెండో ట్యాంకు. మొదటిది నాలుగడుగులది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మీ అందరికీ గుర్తే. మా వీధికి మూడు రోజులు కరెంటు లేదు. పంపులు ఆగిపోయాయి. ఉప్పునీటిలో ప్రాణవాయువు మంచినీటిలో కంటే ఇంచుమించు ఐదో వంతు తక్కువ పడుతుంది. దాన్ని పీల్చేది చేపలే కాదు, రాళ్ళలో ఉన్న బ్యాక్టీరియా కూడా. మేం నలుగురం వంతులు వేసుకుని చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోశాం. పగలంతా, రాత్రంతా. రెండో రాత్రి మూడింటికి నా వంతు. కూర్చున్న కుర్చీలోనే నిద్రపోయాను. లేచేసరికి తెల్లారింది. ఏడు చేపల్లో ఐదు అడుగున పడి ఉన్నాయి.

రెండొందల రూపాయల బ్యాటరీ ఎయిర్ పంపు ఉంటే బతికేవి. రెండొందలు! ఫైలిన్ చూసినవాళ్ళం, తొంభై తొమ్మిది చూసినవాళ్ళం, తుపాను రాదని ఎలా అనుకున్నాను? ఇప్పుడు నా దగ్గర అలాంటివి మూడున్నాయి, ఇన్వర్టరుకి వేవ్‌మేకర్ అని, నీళ్ళు కదిలించే పంపు ఒకటి కలిపి ఉంది. అక్టోబరు ఒకటో తేదీన బ్యాటరీలు మారుస్తాను. మీరు ట్యాంకు పెట్టుకోండి, పెట్టుకోకపోండి, ఈ ఒక్కటి రాసుకోండి.

చేపల గురించి రెండు మాటలు. ఒక షాపులో, పేరు అనవసరం, బ్లూ ట్యాంగ్ కొన్నాను. ఆరోగ్యంగా ఉందన్నారు. నాలుగో రోజు ఒంటి మీద రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి. దానికి రాగి మందు వెయ్యాలి, కాని ట్యాంకులో వేస్తే రొయ్యలు, నత్తలు చస్తాయి. చేపలన్నిటినీ వేరే తొట్టికి మార్చి మందు వేసి, పెద్ద ట్యాంకుని 76 రోజులు చేప లేకుండా ఉంచాను, ఆ పురుగు తిండి లేక చచ్చేదాకా. ట్యాంగ్ మాత్రం బతకలేదు. అప్పటినుంచి ఏ చేప వచ్చినా ముందు వేరే తొట్టిలోనే. ఇంకోటి, ఇప్పుడు హేచరీలో పుట్టిన చేపలే అడిగి తీసుకుంటాను. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ, శాస్త్రవేత్తలు క్లౌన్ ఫిష్‌ని హేచరీలో గుడ్ల నుంచి పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. అలా పుట్టినవి మన చేతి మేతకి అలవాటు పడి ఉంటాయి. క్లౌన్ ఫిష్ అన్నీ మగవిగానే ఎదుగుతాయి, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. మా ఇంట్లో పెద్దది మూలనున్న గుహ తనదే అంటుంది, నేను చెయ్యి పెట్టినా వచ్చి పొడుస్తుంది. ఇరవై ఏళ్ళు పైబడి బతికినవి ఉన్నాయట. కాబట్టి కొనేముందు ఆలోచించుకోండి. వద్దనుకున్నప్పుడు తీసుకెళ్ళి గోపాల్‌పూర్‌లోనో చిలికాలోనో వదలకండి. అవి అక్కడివి కావు. పెంచుకునేవాళ్ళకి ఇవ్వండి.

గోపాల్‌పూర్ నుంచి ఏమీ తేలేదన్నాను. ఎక్కడి సముద్రం నుంచీ ఏమీ తేలేదంటే అబద్ధమవుతుంది. నత్తలు ఏదో సముద్రంలో పుట్టినవే. అందులో ఒక నత్త వీపు మీద గోరంత గులాబీ మచ్చ ఉండేది. కోరలైన్ ఆల్గే అంటారు, రాయిలా పట్టుకునే నాచు. ఏడు నెలల తరవాత ఒక పొద్దున్న మేత వేస్తుంటే, పెద్ద కొండ కింద, నేను వేలితో పొడిచిన బెజ్జం అంచున, అలాంటి చుక్క కనబడింది. సిమెంటు, గుల్ల పలుకులు, హుమ్మా ఉప్పు. దాన్ని ఆ నాచు సముద్రపు రాయి అనుకుంది! మా ఆయన్ని నిద్ర లేపి చూపించాను. ఇప్పుడు ఆ కొండ సగం గులాబీ రంగులోకి తిరిగింది.

ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున్న తొంభై లీటర్లు మారుస్తాను. చూడాలనుకున్నవాళ్ళు రండి. పిల్లల్ని తీసుకురండి, రిఫ్రాక్టోమీటర్ వాళ్ళ చేతికే ఇస్తాను. తొమ్మిదింటికల్లా రావాలి, ఉప్పు ముందురోజు రాత్రే కలిపి ఉంచుతాను.